భూమి బడికి బాకీ లేదా? - ఇంటిపన్ను, సెస్సులు, దళితవాడ బడి

"మీరేం పన్ను గడ్తున్రని బడి గురించి అడుగనొచ్చిన్రు?"

ఈ మాట మేము మొదటిసారి విన్నది ఐదో తరగతిలో. డోంగ్లికి దగ్గరలో ఒక పల్లె. పల్లె పేరు ఇక్కడ అవసరం లేదు, ఏ పల్లె అయినా ఇదే కథ. వానాకాలంలో బడి పైకప్పు కురుస్తుంటే మా వాడ నుంచి నలుగురు పెద్దమనుషులు పోయి అడిగారు. అందులో మా బాపు ఒకడు. వాళ్లకు దొరికిన జవాబు ఈ ప్రశ్న. మా బాపు తిరిగి ఒక్క మాట అనలేదు. ఇంటికొచ్చి రుమాలు విప్పి దులిపి మళ్లీ చుట్టుకున్నాడు. ఆ ప్రశ్నకు ఆ రోజు వాడలో ఎవరి దగ్గరా జవాబు లేదు. దాన్ని వెతుక్కోవడానికి మాకు యూనివర్సిటీ దాకా రావాల్సి వచ్చింది.

బడి ఖర్చు గురించి మన దగ్గర చర్చ ఎప్పుడు జరిగినా అది బడ్జెట్లో శాతాల గురించే జరుగుతుంది. కొఠారీ కమిషన్ 6 శాతం అన్నది, ప్రభుత్వాలు ఇవ్వడం లేదు అన్న దగ్గర ఆగిపోతుంది. ఆ మాట నిజమే. కానీ దళితవాడ నుంచి చూసినప్పుడు అంతకన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది. ఈ ఊళ్లో బడికి ఎవరు బాకీ? చట్టం ఎవరి దగ్గర వసూలు చేస్తున్నది, ఎవరిని వదిలిపెడుతున్నది? వసూలైన సొమ్ముకు ఎవరిని యజమానిగా గుర్తిస్తున్నది?

రసీదు ఏం చెప్తుంది?

పంచాయతీ కారోబారు రాసిచ్చే ఇంటిపన్ను రసీదును చదువుకున్నవాళ్లు కూడా శ్రద్ధగా చూడరు. మేము చూశాం. ఇంటిపన్ను, నల్లా పన్ను, దీపాల పన్ను, వాటి పక్కన గ్రంథాలయ పన్ను. ఈ చివరిది 1960 నాటి ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం నుంచి వచ్చింది. ఇంటిపన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయాలకు చేరాలి. మా వాడలో చిన్నప్పుడు మేము గ్రంథాలయం మొఖం చూసి ఎరుగం. అయినా రేకుల ఇంటికి కూడా ఆ 8 పైసలు పడ్డాయి, కట్టాం. ఆ పన్ను వద్దని మేము అనడం లేదు. ఒక ఇంటి మీద వేసిన పన్నులో ఇంత భాగం పుస్తకానికి పోవాలని చట్టం కచ్చితంగా రాయగలదని ఆ రసీదు రుజువు చేస్తున్నది. అంతవరకు మంచిదే.

అయితే అదే రసీదులో బడి లేదు. 1994 పంచాయతీరాజ్ చట్టంలోనూ, దాని స్థానంలో తెలంగాణలో వచ్చిన 2018 చట్టంలోనూ గ్రామ పంచాయతీకి ఇంటిపన్ను వేసే అధికారం ఉంది. 73వ రాజ్యాంగ సవరణ పదకొండో షెడ్యూలులో ప్రాథమిక, మాధ్యమిక విద్యను పంచాయతీలకు ఇవ్వదగిన విషయాల్లో చేర్చింది. కానీ పుస్తకానికి ఉన్నట్టు బడికి ఇంటిపన్నులో ఇంత అని కట్టిన లెక్క లేదు.

రసీదులో లేనిది ఇంకొకటి ఉంది. అది చేను. ఇంటిపన్ను ఇంటి మీద పడుతుంది. అద్దె విలువనో మూలధన విలువనో లెక్కగట్టి వేస్తారు. పత్తి, సోయా పండే నల్లరేగడి చేను ఆ పుస్తకంలోకి రాదు. ఇల్లు ఒక్కటే ఆస్తి అయినవాడి ఆస్తి మొత్తం పంచాయతీ లెక్కలోకి వస్తుంది. ఇల్లూ నలభై ఎకరాలూ ఉన్నవాడి ఆస్తిలో ఇల్లు మాత్రమే వస్తుంది. ఇది ఎవరో ఒక సర్పంచ్ చేసిన అన్యాయం కాదు. చట్టం నిర్మాణమే అట్లా ఉంది. ఇక మమ్మల్ని అడిగిన ప్రశ్నను తిరగేసి చూడండి. ఆస్తిలో ఎన్నో వంతు పన్నుకు వచ్చిందని లెక్క తీస్తే, ఊళ్లో ఎక్కువ కట్టినవాడు ఎవరు?

సరిహద్దు అవతల

డోంగ్లి 2022లో కొత్త మండలం అయింది. దాని పెద్ద ఊరు మద్నూర్, దాటితే మహారాష్ట్ర. ఈ ప్రాంతపు బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్లు 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో నాందేడ్ జిల్లా దెగ్లూర్ తాలూకా కిందనే ఉండేవి. రాష్ట్రాలు చీలినప్పుడు ఇవి ఇటు వచ్చాయి, దెగ్లూర్ అటు పోయింది. ఇటు మాల మాదిగలు, అటు మహర్లు, మాంగులు అని పుస్తకాల్లో రాస్తారు గాని మా దగ్గర అందరూ కలిసే ఉంటారు. ఇంట్లో మరాఠీ, బడిలో తెలుగు మాట్లాడే పిల్లలు మాకు కొత్తకాదు.

గీత దాటితే చట్టం మారుతుంది. మహారాష్ట్ర 1962లోనే విద్యా సెస్సు చట్టం చేసింది. మునిసిపాలిటీల్లో ఇళ్లు, స్థలాల మీద బడి పేరుతో పన్ను వేసింది. అక్కడితో ఆగకుండా చెరుకు వంటి వాణిజ్య పంటలు పండే భూముల మీద కూడా ప్రత్యేకంగా వేసింది. తర్వాత 1970లలో దానికే ఉపాధి హామీని జోడించారు. ఆ చట్టం గొప్పదని, అక్కడి దళితవాడల బడులు బంగారంగా ఉన్నాయని మేము చెప్పడం లేదు. సొమ్ము వసూలు కావడం వేరు, అది మాంగువాడ బడికి చేరడం వేరు. కానీ ఒక విషయం గమనించాలి. లాభం పండే చేను బడికి బాకీ ఉందని ఒక శాసనసభ చట్టంలో రాసింది. మన శాసనసభలు ఆ మాట రాయలేదు.

ఇది కొత్త ఆలోచన కూడా కాదు. బొంబాయి రాష్ట్రంలో 1860లలో భూమిశిస్తు రూపాయి మీద ఒక అణా స్థానిక సెస్సు వేసి, అందులో మూడోవంతు చదువుకు కేటాయించారు. మన తెలుగు నేల మీద అంతకన్నా ముందే, 1850లలో, నరసాపురం ప్రాంతంలో సబ్‌కలెక్టర్ జి.ఎన్. టేలర్ కాలంలో రైతులు శిస్తుతో పాటు కొంత కలిపి కట్టి ఊరి బడులు నడుపుకున్నారు. 1863లో మద్రాసు ప్రభుత్వం ఇటువంటి పన్నుకు చట్టం కూడా చేసింది. గోదావరి బడుల చరిత్ర రాసేవాళ్లు దీన్ని ప్రజల చైతన్యంగా రాస్తారు. ఏ ప్రజలు? పన్నుకు ఒప్పుకున్నది పట్టా ఉన్న రైతు. ఆ పట్టా చేలో నాట్లేసి కోతలు కోసిన మాలపల్లె, మాదిగపల్లెల ఒప్పుదల ఎవరు అడిగారు? శిస్తు కట్టినవాడిది బడి అయింది. ఆ శిస్తును పండించినవాడు బడి బయట నిలబడ్డాడు.

జోతిరావు ఫూలే 1882లో హంటర్ కమిషన్ ముందు పెట్టిన వాదం ఈ తిరకాసు మీదే. ఖజానా నిండేది శూద్ర అతిశూద్రుల చెమటతో, అది ఖర్చయ్యేది పైకులాల పెద్ద చదువుల మీద అని ఆయన లెక్క అడిగాడు. పన్నెండేళ్ల దాకా ప్రాథమిక విద్య నిర్బంధం చేయమన్నాడు. ప్రజాధనంతో నడిచే బడిలో కులం పేరు మీద పిల్లల్ని వెళ్లగొట్టరాదని ఆ కమిషన్ కూడా రాసింది. కాగితం మీద రాసింది. బడిలో మన పిల్లలు వసారాలోనే కూర్చున్నారు. అంబేద్కర్ సాతారా బడిలో గోనెసంచి మీద వేరుగా కూర్చున్న సంగతి చదవనివాడు మనలో లేడు.

భూమి మీద పన్ను బ్రిటిష్ వాళ్ల కాలంలో రైతును పిండిన మాట నిజం. దాన్ని మళ్లీ తెమ్మని ఎవరూ అనరు. కానీ ఈ నూరేళ్లలో బండి పూర్తిగా అటు ఒరిగిపోయింది. శిస్తు పేరుకే మిగిలింది. 2018లో తెలంగాణలో రైతుబంధు వచ్చినప్పుడు ఎకరాకు పంటకు 4 వేలు ప్రభుత్వమే భూమికి ఇచ్చింది. పరిమితి పెట్టలేదు. పట్టాదారుకు ఇచ్చింది, కౌలుదారుకు ఇవ్వలేదు, కూలికి అసలు లేదు. ఒకప్పుడు భూమి బడికి ఇచ్చేది. తర్వాత ఖజానా భూమికి ఇవ్వడం మొదలైంది. రెండు కాలాల్లోనూ భూమి లేనివాడు లెక్కలో లేడు.

రసీదు లేని పన్ను

అయితే బడి నిజంగా దేనితో నడుస్తున్నది? పంతుళ్ల జీతాలు ఖజానా నుంచి వస్తాయి. బడి ఖర్చులో పెద్ద భాగం అదే. ఖజానా దేనితో నిండుతున్నది? సబ్బుబిళ్ల, చెప్పులు, బిస్కట్ పుడక, ఫోన్ రీచార్జి, వీటన్నిటి మీదా పన్ను ఉంది. కూలి మనిషికి, కామందుకు అదే రేటు. మద్యం జీఎస్టీలోకి రాదు. దాని మీద ఎక్సైజు, వ్యాట్ పూర్తిగా రాష్ట్రానివే. తాగేది మేమొక్కరమే అని ఎవరైనా అంటే అది కులగర్వం తప్ప లెక్క కాదు. కానీ కూలి డబ్బులో ఎన్నో వంతు అటు పోతుందో మా అవ్వలను అడిగితే చెప్తారు.

ఈ లెక్కను శాసనసభలో తీసినవాడు అంబేద్కర్. ఆయనను రాజ్యాంగ నిర్మాతగా, సంఘ సంస్కర్తగా విగ్రహాల్లో నిలబెట్టుకున్నాం గాని, ప్రభుత్వాల జమాఖర్చుల మీద పరిశోధన చేసిన పండితుడిగా మరిచిపోయాం. బ్రిటిష్ ఇండియాలో రాష్ట్రాల ఆర్థిక వ్యవస్థ మీద ఆయన రాసిన పుస్తకం 1925లో అచ్చయింది. 1927 మార్చి 12న బొంబాయి శాసనమండలిలో విద్యా పద్దు మీద మాట్లాడుతూ, ప్రభుత్వం తలకు 14 అణాలు చదువుకు ఖర్చు పెడుతూ తలకు 2 రూపాయలకు పైగా ఎక్సైజు గుంజుతున్నదని చూపించాడు. కనీసం తాగుడు నుంచి తీసుకున్నంత అయినా చదువుకు తిరిగి ఇవ్వమన్నాడు. బడిలో చేరిన ప్రతి నూరుమందిలో నాలుగో తరగతి దాకా వచ్చేది 18 మందే అని అదే ప్రసంగంలో చెప్పాడు. పిల్లల్ని చేర్చుకుని మధ్యలో వదిలేయడం కూడా వాళ్లను మోసం చేయడమే అని ఆ ప్రసంగం నుంచి మేము అర్థం చేసుకున్నాం.

ఈ వాదం మన తెలుగు ఆడవాళ్లు పుస్తకం లేకుండానే మళ్లీ కనుక్కున్నారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్లు సారా అంగడి మూయించారు. అక్షరం వచ్చిన చోట మొదట అడిగిన ప్రశ్న ప్రభుత్వ ఆదాయం గురించి అయింది. 1993లో సారా ఆగింది, 1995లో పూర్తి మద్యనిషేధం వచ్చింది, 1997లో సడలింది. ఖజానాకు నష్టం అన్నారు. ఆ ఖజానా నుంచి ఏ వాడ బడికి ఎంత చేరిందో మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఇంకో పన్ను ఉంది, దానికి రసీదే కాదు పేరు కూడా లేదు. అది పాకీ పని, ఊడ్పు పని. ఒకప్పుడు వెట్టి. తెలంగాణలో బడి ఊడ్చే స్కావెంజర్లను ఆపేసిన తర్వాత ఆ పనిని పంచాయతీ సఫాయి కార్మికుల మీద వేశారు. వాళ్లు ఏ కులాలవాళ్లో ఈ పత్రిక పాఠకులకు చెప్పనక్కర్లేదు. 2024లో బడుల పారిశుధ్యానికి నెలకు 3 వేల నుంచి 20 వేల దాకా పిల్లల సంఖ్యను బట్టి గ్రాంటు మంజూరు చేశారు. చిన్న బడికి 3 వేలు. అంటే బడి మరుగుదొడ్డి కడిగే మనిషికి రోజుకు నూరు రూపాయలు. ఆమె బిడ్డ చదివేది కూడా తరచుగా అదే బడి. ఆమె ఏం పన్ను కడుతున్నదని ఎవరు అడుగుతారు?

శాన్ ఆంటోనియో పాఠం

ఇక్కడ ఒక తొందరపాటు నిర్ణయానికి వచ్చే ప్రమాదం ఉంది. సరే, ఊరి ఆస్తి మీద పన్ను వేసి ఊరి బడికి పెడదాం అని కొందరు మిత్రులు వాదిస్తున్నారు. వికేంద్రీకరణ అనే మాట వాళ్లకు తియ్యగా ఉంటుంది. ఆ దారిలో నడిచి చూసిన దేశం ఒకటి ఉంది. అమెరికాలో బడి ఖర్చులో పెద్ద వాటా ఆ ప్రాంతపు ఆస్తిపన్ను నుంచే వస్తుంది. ఫలితం ఏమైంది?

టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియో నగరంలో ఎడ్జ్‌వుడ్ అనే పేద ప్రాంతం ఉంది. ఎక్కువమంది మెక్సికన్ మూలాలవాళ్లు, కొందరు నల్లవాళ్లు. అదే నగరంలో ఆలమో హైట్స్ ధనిక తెల్లవాళ్ల ప్రాంతం. 1967-68లో ఎడ్జ్‌వుడ్ వాళ్లు నూరు డాలర్ల ఆస్తికి 1.05 డాలర్ల చొప్పున పన్ను వేసుకున్నారు. పిల్లవాడొక్కడికి స్థానికంగా వచ్చింది 26 డాలర్లు. ఆలమో హైట్స్ వాళ్లు 0.85 డాలర్లే వేసుకున్నారు, అంటే తక్కువ రేటు. పిల్లవాడొక్కడికి వచ్చింది 333 డాలర్లు. పేదవాడు ఎక్కువ రేటుకు కట్టి తక్కువ బడి తెచ్చుకున్నాడు. ఎడ్జ్‌వుడ్ తల్లిదండ్రులు కోర్టుకు పోయారు. 1973లో సుప్రీంకోర్టు 5-4 తేడాతో వాళ్ల కేసు కొట్టేసింది. చదువు తమ రాజ్యాంగంలో ప్రాథమిక హక్కు కాదన్నది. ఆ కోర్టులో మొదటి నల్లజాతి న్యాయమూర్తి థర్గుడ్ మార్షల్ ఆ తీర్పుతో విభేదించి, పిల్లవాడి చదువు వాడు పుట్టిన చోటి ఆస్తి విలువను బట్టి ఉండరాదని రాశాడు. తర్వాత 1989లో టెక్సాస్ రాష్ట్ర కోర్టు ఆ పద్ధతి తమ రాష్ట్ర రాజ్యాంగానికి విరుద్ధమన్నది. 1993లో ధనిక ప్రాంతాల సొమ్ములో కొంత పేద ప్రాంతాలకు పంచే చట్టం వచ్చింది.

దీన్ని మన దగ్గరికి తెచ్చి చూద్దాం. ఆస్తిపన్నుతో బడి నడపాలంటే బంజారాహిల్స్ బడికి ఎంత వస్తుంది, డోంగ్లి మండలంలో ఒక వాడ బడికి ఎంత వస్తుంది? కాబట్టి మా వాదం రెండు కాళ్ల మీద నిలబడాలి. భూమి, ఆస్తి బడికి బాకీ కట్టాలి. కానీ ఒక ఊరి బడి ఆ ఊరి ఆస్తి మీద ఆధారపడరాదు. వసూలు ఆస్తిని బట్టి, పంపకం లేమిని బట్టి జరగాలి. వీటిలో ఒకటి విడిచి ఇంకొకటి పట్టుకుంటే మోసపోయేది మనమే.

హక్కు ఉంది, సొమ్ము చట్టం లేదు

అమెరికాలో హక్కు లేదన్నారు. మనకు హక్కు ఉంది. మన ఆంధ్రప్రదేశ్ నుంచే పోయిన ఉన్నికృష్ణన్ కేసులో 1993లో సుప్రీంకోర్టు పద్నాలుగేళ్ల దాకా చదువు ప్రాథమిక హక్కు అన్నది. 2002లో 86వ సవరణతో అది 21ఎ అధికరణ అయింది. 2009 చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఖర్చు బాధ్యత కేంద్ర, రాష్ట్రాలదని అందులో ఉంది. కానీ ఒక వాడ బడికి కనీసం ఇంత సొమ్ము రావాలి, రాకపోతే ఫలానా చోట అడగవచ్చు అని ఎక్కడా లేదు. హక్కు పిల్లవాడిది, తాళంచెవి ఖజానాది.

ఆ తాళం ఎట్లా తిప్పుతున్నారో చూడండి. సమగ్ర శిక్షా కింద బడికి ఏడాదికి ఇచ్చే గ్రాంటు తలల లెక్క మీద ఉంటుంది. 30 మంది లోపు ఉంటే 10 వేలు, వెయ్యి దాటితే లక్ష. సుద్దముక్క నుంచి కరెంటు బిల్లు దాకా అందులోనే. వాడ బడిలో పిల్లలు తక్కువ. ఎందుకు తక్కువ? చేతిలో నాలుగు రూపాయలు ఉన్నవాళ్లు ప్రైవేటుకు పంపారు గనక. వాళ్లు ఎందుకు పంపారు? బడి బాగాలేదు గనక. పిల్లలు తగ్గారని సొమ్ము తగ్గిస్తారు, సొమ్ము తగ్గిందని ఇంకొందరు పోతారు, చివరికి పిల్లలు లేరని బడి మూస్తారు. కప్పు కురవడానికి తలల లెక్కతో ఏం సంబంధం? 20 మంది ఉన్న బడి మీద వాన తక్కువ పడుతుందా?

2004లో కేంద్రం 2 శాతం విద్యా సెస్సు వేసింది. అది మారుతూ మారుతూ 2018లో ఆరోగ్యంతో కలిపి 4 శాతం అయింది. సెస్సులను కేంద్రం రాష్ట్రాలతో పంచుకోనక్కర్లేదు. 2022 మార్చిలో తెలంగాణలో వచ్చిన మన ఊరు మన బడి పథకానికి 7,289 కోట్లు, మూడేళ్లలో 26 వేల బడులు అని ప్రకటించారు. అందులో దాతల్ని కూడా పిలిచారు. పథకం చట్టం కాదు. ప్రభుత్వం మారితే పేరు మారుతుంది. దానం కూడా హక్కు కాదు. దానం ఇచ్చినవాడి పేరు గోడ మీద ఉంటుంది, ఆ గోడ కట్టిన కూలి పేరు ఉండదు.

ఉపప్రణాళిక చట్టం ఉంది గదా అంటారు. ఉంది. 2013 చట్టం దళిత ఉద్యమం పోరాడి సాధించుకున్నది. 2017లో తెలంగాణ దాన్ని ప్రత్యేక అభివృద్ధి నిధిగా మార్చి, మిగిలిన సొమ్మును మరుసటి ఏడాదికి జమ చేయాలన్నది. అది మేలే. కానీ అందరికీ పెట్టే ఖర్చులోనే దళిత పిల్లల వాటా ఇంత అని కాగితం మీద విడదీసి చూపిస్తే అది కొత్త సొమ్ము ఎట్లా అవుతుంది?

మన గురించి కూడా ఒక మాట చెప్పుకోవాలి. మమ్మల్ని ఈ దాకా తెచ్చింది సాంఘిక సంక్షేమ గురుకులం. ఆ రుణం మేము మరవం. కానీ గురుకులం ఏరుకున్నది మమ్మల్ని. మాతో పాటు ఐదో తరగతి చదివిన మిగతావాళ్లను ఏరుకోలేదు. వాళ్లు పత్తి చేన్లలో ఉన్నారు. 1910లో హైదరాబాదులో భాగ్యరెడ్డివర్మ ఆది హిందువుల కోసం బడులు పెట్టింది ఏరుకోవడానికి కాదు, వాడకు వాడే చదవడానికి. చదువుకుని పట్నం చేరిన మనం మన పిల్లల్ని ప్రైవేటుకు పంపి, వాడ బడి మూత మీద వ్యాసాలు రాస్తున్నాం. ఈ వ్యాసం కూడా ఆ నింద నుంచి తప్పించుకోదు.

మరి ఏం అడగాలి? పిల్లలు ఎంతమంది ఉన్నా ప్రతి బడికి కనీస సొమ్మును చట్టంలోనే రాయాలి. దళిత, ఆదివాసీ వాడల బడికి దాని మీద అదనం ఉండాలి. కొద్దిపాటి భూమి ఉన్నవాళ్లను, అసైన్డు పట్టాల వాళ్లను వదిలి, పెద్ద కమతాల మీద, ఫాంహౌసుల మీద, ప్లాట్లు చేసి అమ్ముకునే భూముల మీద బడి సెస్సు వేసి, అది రాష్ట్రమంతటికీ ఒకే నిధిగా ఉండాలి. బడి ఊడ్చే మనిషికి గ్రాంటు కాదు, జీతం కావాలి. ఈ లెక్క ఏటా గ్రామసభలో, అదీ వాడలో పెట్టిన గ్రామసభలో చదివి వినిపించాలి. 8 పైసలను రసీదు మీద అచ్చువేయగలిగిన ప్రభుత్వానికి ఇది చేతకాదని చెప్పడానికి లేదు.

మా బాపు ఇప్పుడు లేడు. ఆయన దాచిన ఇంటిపన్ను రసీదులు ట్రంకుపెట్టెలో ఉన్నాయి. ఒక్క ఏడాది కూడా బాకీ లేదు. ఊళ్లో ఆ ప్రశ్న మళ్లీ ఎవరైనా అడిగితే వాడ పిల్లలు ఇక ఊరుకోరాదు. మేం కట్టింది ఇది, మా రసీదులు ఇవి, మీ చేను కట్టింది చూపించండి అని అడగాలి.